సాంచా కింది నేల

మన వలస కవిత్వంలో నేల ఎప్పుడూ వెనకే ఉంటుంది. అది కరీంనగర్‌లోనో, నల్లగొండలోనో, పాలమూరులోనో ఉంటుంది. దానికొక చెరువు కట్ట, కట్ట కింద మడి, ఊరి నడుమ వేపచెట్టు ఉంటాయి. కవి బస్సెక్కుతాడు. భివండీలో దిగేసరికి నేల మాయమై సాంచా చప్పుడు మొదలవుతుంది. దూది దుమ్ము, రాత్‌పాళీ, పగార్, సేటు, దగ్గు. మన చిన్న పత్రికల్లో వచ్చే కవితలూ కథలూ వరసగా చదివేవారికి ఈ గీత కనబడుతుంది. అక్కడంతా మట్టి, ఇక్కడంతా యంత్రం.

ఇలా గీత గీసుకోవడానికి మన కవులకు కారణాలు లేకపోలేదు. పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, ఆరుగురు కలిసి ఒకే ఖోలీలో నిద్రపోయేవాడికి కిటికీ బయట ఏముందో చూసే తీరిక ఎక్కడిది? అయినా ఒక సందేహం వదలదు. ఆ సాంచా దేనిమీద నిలబడి ఉంది? ఆ ఖోలీ ఎవరి పొలంలో లేచింది? నేను చదివినంత మేరకు మన కవిత్వంలో ఈ ప్రశ్న లేదు. గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట మన సభల్లో పాడుకుంటాం. 2002లో 'కుబుసం' సినిమాలోకి వచ్చాక ఆ పాట తెలియని తెలుగు ఇల్లు ఇక్కడ కూడా అరుదు. పాట అయిపోయాక, మనం కూర్చున్న ఈ చోటు కూడా ఒకప్పుడు ఎవరిదో పల్లె అని మనకు తట్టదు.

భివండీకి ఒక పక్క కామ్వారి నది, దక్షిణాన ఉల్హాస్ ఖాడీ. సముద్రపు పోటు లోపలికి ఎక్కే పాయను ఇక్కడ ఖాడీ అంటారు. దాని ఒడ్డున ఆగ్రీలు మట్టి కట్టలు పోసి, ఉప్పునీటిని బయట నిలిపి, వానాకాలం నీటితో నేలలోని ఉప్పును కడిగి వరి పండించారు. అలాంటి పొలాన్ని ఖార్ జమీన్ అంటారు. కట్ట ఒక్కచోట తెగినా ఉప్పు అందరి మళ్లలోకీ వస్తుంది కనుక కట్ట పని ఉమ్మడి పని. కొన్నిచోట్ల ఉప్పు మళ్లే కట్టారు. కశేళి, కాల్హేర్, పూర్ణా, రాహ్నాళ్, మాన్కోలి, అంజూర్ - ఇవి మనకు ఇప్పుడు బస్ స్టాపులు. వాళ్లకు పొలాల పేర్లు. ఇంకాస్త లోపలికి, తాన్సా వైపు పోతే వార్లీలు, కాత్కరీలు.

ఈ నేలమీదికి మగ్గం రెండు మూడు దఫాలుగా వచ్చింది. 1857 తర్వాత ఉత్తరాది నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లు చేతిమగ్గం తెచ్చారు. 1930ల నుంచి మగ్గానికి కరెంటు తగిలింది. తెలంగాణ నుంచి మన పద్మశాలీలు వచ్చి చేరారు. 1982 జనవరి 18న ముంబయిలో దత్తా సామంత్ నాయకత్వాన మిల్లు కార్మికుల సమ్మె మొదలయ్యాక మిల్లుల పని ఇటు మళ్లింది. సాంచాలు కుప్పలుగా పెరిగాయి. కామత్‌ఘర్, పద్మానగర్ ఇవాళ చూస్తున్న రూపానికి వచ్చింది ఆ పెరుగుదలలోనే. ఆ తర్వాత గోదాములు. ముంబయి పొలిమేర దాటి సరుకు లోపలికి వస్తే జకాత్ కట్టాలి. పొలిమేరకు ఇవతల దాచుకుని, అమ్ముడైనంత మాత్రమే లోపలికి తీసుకుపోతే సేటు డబ్బు నిలవ ఉండదు. ఈ చిన్న లెక్క కోసం నాసిక్ రోడ్డు పొడుగునా వరి మళ్లు రేకుల షెడ్లయ్యాయి. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చి జకాత్ పోయింది. గోదాములు మాత్రం పోలేదు సరికదా ఇంకా పెద్దవయ్యాయి. ఆన్‌లైన్ వ్యాపారం చేసే పెద్ద కంపెనీలన్నీ ఇక్కడ దిగాయి. అప్పటికే, 2007లో, ఈ చుట్టుపక్కల గ్రామాలకు ముంబయి మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థను ప్రణాళికాధికారిగా వేశారు. పొలం ముందు గోదామయింది, ప్రణాళిక తర్వాత వచ్చింది.

(ఆ ప్రణాళిక కాగితాల్లో ఒక తమాషా మాట ఉంది. బడికో, తోటకో విడిచిపెట్టమన్న స్థలాన్ని మరాఠీలో 'ఆరక్షణ్' అంటారు. మనకు ఆ మాట ఉద్యోగాల సందర్భంలోనే పరిచయం. నేలకు కూడా రిజర్వేషన్ ఉంటుందనీ, దానికీ దొంగ సర్టిఫికెట్లుంటాయనీ ఇక్కడికొచ్చాకే తెలుస్తుంది.)

ఇంతటి వస్తువు కాళ్లకిందే ఉండగా మన సాహిత్యం ఎందుకు దాన్ని తాకలేదన్నదే ఈ వ్యాసానికి ప్రశ్న. దానికి కొలబద్దను సాహిత్య సిద్ధాంతాల్లో కాక తలాఠీ కచేరీలో వెతకాలనిపిస్తుంది. మనకు పహాణీ ఉన్నట్టు ఇక్కడ 'సాత్-బారా' ఉంది. ఏడో నమూనా, పన్నెండో నమూనా ఒకే కాగితం మీద ఉంటాయి. ఏడు భూమి ఎవరిదో చెబుతుంది. హక్కుదారులు, వాటాలు, అప్పులు, కౌలుదారు పేరు అందులో ఉంటాయి. పన్నెండు ఆ భూమిలో ఏ యేడు ఏం పండిందో, ఎంత బీడు పడిందో, నీటి వసతి ఏమిటో చెబుతుంది. ఒకటి మనుషుల మధ్య తగాదా. రెండోది మనిషికీ మట్టికీ మధ్య వ్యవహారం. మన తెలుగు భూమి సాహిత్యాన్ని ఈ కాగితం మీద పెట్టి చూస్తే చాలా రచనలు ఏదో ఒక సగంలోనే ఇమిడిపోతాయి.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' తీసుకుందాం. 1995లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చిన సంపుటికి పేరిచ్చిన కథ. సుందరపాలెం అనే ఊరు బాగుపడింది. రోడ్డు, బడి వంటివన్నీ వచ్చాయి. శ్రీరాములు నాయుడు పెద్దమనిషి, గాంధేయుడు, ఊరి మేలు కోరినవాడు. అదే కాలంలో అప్పల్రాముడికి షావుకారు గోపన్న దగ్గర అప్పు పెరిగింది. పంచాయితీ తీర్పుకు తలవంచి అతడు భూమి వదులుకోవలసి వస్తుంది. కొడుకు సీతారాముడు తన బిడ్డ బానిస కాకూడదని ఆ బిడ్డనే చంపి సభ ముందుకు తెస్తాడు. ఈ కథ మీద దశాబ్దాలుగా వాదాలు నడిచాయి. ఆ ముగింపు సమంజసమా, అసహజమా అన్నదగ్గరే చర్చ ఎక్కువగా తిరిగింది. భివండీలో కూర్చుని చదివితే వేరే చోట కన్ను ఆగుతుంది. ఊరు బాగుపడటం అబద్ధమని రచయిత ఎక్కడా అనడు. రోడ్డు నిజం, బడి నిజం. అప్పు కూడా కాగితం మీద నిజమే. ఏ ఒక్కరూ మోసం చేయనక్కరలేకుండానే, ఊరి బాగు లెక్క సరిపోతూనే, ఒక కుటుంబం నేల పోగొట్టుకుంటుంది. 'అభివృద్ధి' అనే మాటను తిట్టకుండా దాని ఖాతా పుస్తకం విప్పి చూపిన కథ మనకు ఇంకొకటి లేదేమో. అయితే ఆ కథ పూర్తిగా ఏడో నమూనాలో నడుస్తుంది. ఆ భూమి ఎవరిది, ఎవరికి పోవాలి అన్నదే అక్కడ ప్రాణం. ఆ చెక్కలో ఏం పండేదన్నది కథకు అవసరం పడలేదు. ఆ కథకు అదే న్యాయం.

వాసిరెడ్డి సీతాదేవి 'మట్టి మనిషి' ఇంకో సగం. సాంబయ్య కూలి కుటుంబం నుంచి వచ్చి, ఒళ్లు వంచి, ఎకరం తర్వాత ఎకరం కూడబెట్టినవాడు. అతడికి భూమి ఆస్తి కంటే ముందు పని. కోడలు వరూధినికి అదే భూమి పట్నంలో బతకడానికి మారకం. అమ్మకాలు మొదలయ్యాక నవల వేగం పెరుగుతుంది. చివరికి ముసలి సాంబయ్య మనవడు రవిని వెంటబెట్టుకుని మళ్లీ మట్టి దగ్గరికే చేరతాడు. సాంబయ్య పొలంలో ఉన్న పేజీలు నవలలో అన్నిటికన్నా బలమైనవి. దుక్కి వాసన, వానకు ముందు ఆరాటం, చేను మీద ఈర్ష్య లాంటి ప్రేమ, ఇవన్నీ పన్నెండో నమూనా సంగతులు. కాని అమ్మకాన్ని రచయిత్రి ఒక స్త్రీ మోజుగా, పట్నపు వ్యామోహంగా చూపింది. అక్కడ నాకు పేచీ ఉంది. పొలం అమ్మేవాళ్లంతా వరూధినులు కారు. రాహ్నాళ్‌లోనో పూర్ణాలోనో ఖార్ పొలం అమ్మిన ఆగ్రీ రైతు మోజుతో అమ్మలేదు. ఏడాదికి ఒక్క పంట, ఉప్పు తగిలితే అదీ లేదు. పక్క మడిలో షెడ్డు లేచి నీటిదారి మూసుకుపోయాక తన మడి ఎలాగూ చెడిపోయింది. గోదాముకు ఇస్తే నెలనెలా కిరాయి. ఈ లెక్క ముందు మట్టి మమకారం ఎంతసేపు నిలుస్తుంది? నిలవాలని అడిగే హక్కు ఎవరికుంది? ముఖ్యంగా కిరాయి ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన మనకు?

భూమి పరిరక్షణ గురించి మన పత్రికల్లో అప్పుడప్పుడూ వచ్చే వ్యాసాలు ఈ ప్రశ్నను దాటేస్తాయి. పచ్చదనం కాపాడాలంటారు. ఎవరి పచ్చదనం, ఎవరి ఖర్చు మీద కాపాడాలో చెప్పరు. పొలం పొలంగా ఉండిపోతే చూసేవాడికి కన్నులపండుగ, దున్నేవాడికి దరిద్రం అయ్యే పక్షంలో ఆ పరిరక్షణ దున్నేవాడి మీద వేసిన పన్నే. అటువైపు, అభివృద్ధిని మెచ్చుకునేవాళ్లు గోదాము వల్ల వచ్చిన కిరాయిని, కొలువులను లెక్కిస్తారు. పొలం ఇదివరకు ఉచితంగా చేసిన పనిని లెక్కించరు. ఖార్ మడి వరి మాత్రమే పండించలేదు. జులైలో కొండల నుంచి దిగిన నీళ్లను కొన్ని గంటలపాటు పట్టి ఉంచి, పోటు దిగాక ఖాడీలోకి వదిలింది. మడికట్ల వెంట పీతలు, చేపలు పట్టుకుని కాత్కరీలు బతికారు. నాట్లకు, కోతలకు కూలి దొరికింది. వీటికి హక్కుదారులెవరూ ఏడో నమూనాలో లేరు. అమ్మకమప్పుడు వీటికి ధర కట్టేవాడు లేడు. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు భివండీ కూడా మునిగింది. అంత వాన ఏ మడీ ఆపలేదు, నిజమే. కాని తర్వాత వచ్చిన మామూలు వానలకు కూడా నది ఒడ్డు బస్తీల్లోకి నీళ్లు వస్తుంటే, ఆ నీళ్లు ఇంతకుముందు ఎక్కడ నిలిచేవన్న ఆలోచన రాక తప్పదు. ఆ బస్తీల్లో ఉండేది పొలం అమ్మినవాళ్లు కారు, గోదాము కట్టినవాళ్లూ కారు.

కనుక బేరం ఇద్దరి మధ్య జరిగినా నష్టం మూడోవాడికి తగులుతుంది. ఈ మూడోవాణ్ణి పట్టుకోగలగడమే ఇలాంటి వస్తువుకు పరీక్ష అని నా అభిప్రాయం.

మరాఠీవాళ్లు ఈ పరీక్షలో మనకన్నా ముందున్నారు. ఇదే ఠాణే జిల్లా ఉత్తర భాగంలో 1945లో వార్లీలు వెట్టికి ఎదురు తిరిగారు. అక్కడ వారితో కలిసి పనిచేసిన గోదావరీ పరుళేకర్ తర్వాత ఆ అనుభవాన్ని 'జెవ్హా మాణూస్ జాగా హోతో' పేరుతో పుస్తకంగా రాసింది. దానికి 1972లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆ మరుసటేడే తెలంగాణలో మన తాతల సాయుధ పోరాటం ఊపందుకుంది. రెండుచోట్లా వెట్టి, రెండుచోట్లా భూమి. ఆ పోరాటపు జిల్లాల నుంచి బయల్దేరినవాడే వచ్చి ఈ జిల్లాలో సాంచా తొక్కాడు. ఈ బంధుత్వం మన రచనల్లో ఎక్కడా కనబడకపోవడం నాకు వింతగా ఉంటుంది. విశ్వాస్ పాటిల్ 'ఝాడాఝడతీ' 1992లో అదే పురస్కారం పొందింది. డ్యాం కింద ఊళ్లు పోగొట్టుకున్నవారి నవల. రాసినవాడు ప్రభుత్వాధికారి కావడం వల్ల దస్త్రం ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు. పునరావాసమంటే ఏ గుమస్తా బల్ల దగ్గర ఎన్నిసార్లు నిలబడటమో ఆ నవల చెబుతుంది. మనవాళ్లకు కన్నీరు రాయడం వచ్చు. దస్త్రం రాయడం ఇంకా రాలేదు.

రాకపోవడానికి ఇప్పుడు వీల్లేని పరిస్థితి కూడా వచ్చింది. మనం వెనక వదిలివచ్చామనుకున్న నేల అక్కడ లేదు. సిరిసిల్ల దగ్గర మానేరు మీద మిడ్ మానేరు జలాశయం కట్టారు. 25 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టే జలాశయం. కొదురుపాక, అనుపురం, చింతల్‌ఠాణా, వరదవెల్లి లాంటి ఊళ్లు అందులోకి పోయాయి. ఆ వైపు నుంచి భివండీ వచ్చినవారు ఎంతమంది ఉన్నారో మన వీధుల్లో అడిగితే తెలుస్తుంది. ఆ నీళ్లు అబద్ధం కావు. దిగువన ఎండిన పొలాలకు అవి అందుతాయి, తాగేవాళ్లు తాగుతారు. 'యజ్ఞం'లో రోడ్డు ఎంత నిజమో ఈ నీళ్లూ అంత నిజం. కాని ఆ ఊళ్ల మీద వచ్చిన కవితల్లో, మన భివండీ కవితల్లోనూ, మునిగింది చెరువు కట్ట, బతుకమ్మ ఆడిన బజారు, తాత సమాధి. నష్టపరిహారం ఎవరికి ముట్టింది, కౌలుకు దున్నినవాడు ఏమయ్యాడు, భివండీలో ఉన్న కొడుకు పేరు జాబితాలోకి ఎక్కిందా లేదా అన్నవి కవితలోకి రావు. ఊళ్లో ఉండనివాడికి ఆ ఊరి మీద హక్కెంత? వలస వచ్చిన ప్రతివాణ్ణీ తాకే ఈ ప్రశ్న నవలకు సరిపోయేంత పెద్దది. దాన్ని ఎనిమిది పంక్తుల విషాదంలో ముగిస్తున్నాం.

అమరావతి సంగతి కూడా ఈ కాగితం మీద పెట్టి చూడవచ్చు. 2015లో 29 గ్రామాల రైతుల నుంచి 33 వేల ఎకరాలకు పైగా భూ సమీకరణ జరిగింది. భూమి ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన స్థలాలు, పదేళ్ల కౌలు. భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను. మూడు పంటలు పండే కృష్ణ ఒడ్డు భూమిలో కూలికి ఏడాది పొడుగునా పని ఉండేది. ఆ పనికి కట్టిన ధర 2,500. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఏడో నమూనాలో పేరు లేనివాడు కూడా నష్టపోతాడని ఒక ప్రభుత్వం కాగితం మీద అంగీకరించిన అరుదైన సందర్భమది. 2019 తర్వాత ఆ పనులు ఆగిపోయి, 2024లో మళ్లీ మొదలయ్యాయి. ఆగిన ఐదేళ్లలో స్థలం ఉన్నవాడు ధర తగ్గిందని దిగులుపడ్డాడు. కూలికి దిగులుపడేందుకు పొలమూ లేదు, నగరమూ లేదు. రాజధాని గురించి తెలుగులో వెలువడిన అక్షరాల్లో ఎన్ని ఈ రెండోవాడి వైపు తిరిగాయో పాఠకులే లెక్క వేసుకోవచ్చు.

ఇక ఇంటి పక్కనే ఉన్న ఉదాహరణలు రెండు. ఒకటి నవీ ముంబయి. 1970 నుంచి సిడ్కో 95 గ్రామాల భూములు తీసుకుంది. 1984 జనవరిలో జాసయీ దగ్గర కాల్పుల్లో ఐదుగురు ఆగ్రీ రైతులు చనిపోయారు. దినకర్ బాళూ పాటిల్ నాయకత్వాన సాగిన ఆ పోరాటం వల్లనే, తీసుకున్న భూమిలో పన్నెండున్నర శాతం అభివృద్ధి చేసి రైతుకు తిరిగి ఇవ్వాలన్న పద్ధతి వచ్చింది. రెండోది మిల్లుల భూమి. 1991 నిబంధన ప్రకారం మిల్లు భూమి అమ్మకానికి వస్తే దాదాపు మూడోవంతు ఖాళీ స్థలంగా నగరానికి, మూడోవంతు ఇళ్ల కోసం, మూడోవంతు యజమానికి. 2001లో దాన్ని సవరించి, కట్టడం లేని ఖాళీ నేలకు మాత్రమే ఈ పంపకం వర్తిస్తుందన్నారు. మిల్లు లోపల కట్టడం లేని నేల ఎంతుంటుంది? 2006లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. వర్లీలో, లోయర్ పరేల్‌లో మన తెలుగువాళ్లు కూడా రెండు తరాలు పనిచేసిన నేల అది. నారాయణ్ సుర్వే మిల్లు కార్మికుణ్ణి మరాఠీ కవిత్వానికి నడుమ నిలబెట్టాడు. మన తెలుగులో మిల్లు గురించి రాసినవాళ్లు సైరన్ దగ్గర ఆగిపోయారు. సైరన్ ఆగాక నేల ఏమైందో చూడలేదు.

ఎందుకు చూడలేదు? దీన్ని నిజాయితీగా ఎదుర్కోవాలి. మహారాష్ట్రలో 'భూమిపుత్ర' అనే మాట ఉంది. ఈ నేల బిడ్డ అని. ఆ మాట రాజకీయంగా పలికినప్పుడల్లా వలస వచ్చినవాడు తల దించుకుని సందులోకి తప్పుకోవడం నేర్చుకున్నాడు. 1970, 1984 అల్లర్లు చూసిన ఊరు ఇది. అలాంటి చోట నేల గురించి మాట్లాడటమంటే 'నీదేనా నేల?' అన్న ప్రశ్నను కొనితెచ్చుకోవడమే. 1948 నాటి కౌలుదారీ చట్టం, 1957 ఏప్రిల్ 1 తర్వాత దున్నే కౌలుదారును యజమానిని చేసింది. అదే చట్టం సాగుదారు కానివాడికి సాగుభూమి అమ్మకుండా ఆంక్ష పెట్టింది. పరిశ్రమల కోసం మాత్రం తర్వాత దారులు తెరిచారు. అంటే సేటు కొనగలడు, సాంచా తొక్కేవాడు కొనలేడు. ఏడులో మన పేరు ఉండదు. పన్నెండులో కూలి పేరు ఎవరిదీ ఉండదు. మన మౌనానికి మూలం ఇక్కడుంది. వెనకటి ఊరి మీద కన్నీరు పెట్టుకుంటే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఇక్కడి నేల గురించి నోరు విప్పితే చెబుతారు.

ఈ భయాన్ని నేను తక్కువ చేయను. కాని సాక్షికి పట్టా అక్కరలేదు. పైగా మనం కేవలం సాక్షులమూ కాము. సైజింగ్, డైయింగ్ కార్ఖానాల నీళ్లు కామ్వారిలోకే పోయాయి. ఆ బట్ట మన సాంచాల మీద నేసిందే. ఆ కూలితోనే మనం పిల్లల్ని చదివించుకున్నాం. నది మురికికి సేటును మాత్రమే తిట్టే కథ చదువుతున్నప్పుడు, ఆ కథలోని కార్మికుడు ఏ నీళ్లలో నూలు కడిగాడో రచయిత ఎందుకు దాచాడని అనుమానం కలుగుతుంది. కామత్‌ఘర్ పక్కన వర్హాళా చెరువుంది. ఊరికి కొంత తాగునీరు ఇచ్చిన చెరువు. గణపతులను నిమజ్జనం చేసే చెరువూ అదే. బతుకమ్మ మీద మనకు వచ్చినన్ని కవితలు బహుశా ఇంక దేనిమీదా రాలేదు. ఆడిన రాత్రి బతుకమ్మను ఏ నీళ్లలో వదిలామో ఆ కవితల్లో నాకు కనబడలేదు. నీళ్లు ఎప్పుడూ మానేరువో మూసీవో అయి ఉంటాయి.

ఏం కాపాడాలి, ఏది వదులుకోవాలి అన్నది రచయిత తేల్చే విషయం కాకపోవచ్చు. అయితే అతడు తేడా చూపగలడు. ప్రతి మడీ మడిగానే ఉండాలని పట్టుపట్టడం ఒకటి. ఖార్ కట్ట, చెరువు, నదిగర్భం, నీటిదారి లాంటి ఏ ఒక్కరివీ కాని, అందరికీ పనికొచ్చే వాటిని అమ్మకానికి పెట్టకూడదనడం వేరొకటి. మొదటిదానికి రైతు ఒప్పుకోనక్కరలేదు. రెండోదానికి రైతూ, సాంచా కార్మికుడూ, గోదాము హమాలీ ఒకే వైపు నిలబడవచ్చు. 2018లో బొంబాయి హైకోర్టు మడ అడవుల మీద ఇచ్చిన తీర్పులో ఈ దృష్టి ఉంది. మడచెట్టు ఎవరి స్థలంలో ఉందన్నదానితో ఆగకుండా, అది పోతే అందరి జీవించే హక్కుకూ భంగమని చెప్పింది. ఒక న్యాయస్థానం పన్నెండో నమూనా చదివినట్టు అనిపిస్తుంది. కవిత్వం చదవలేదా?

ఇప్పుడు వస్తువు మళ్లీ మారుతోంది. సాంచాలు భంగార్‌లో తూకానికి పోతున్నాయి. ఖాళీ అయిన గాళాల్లోకి గోదాములు వస్తున్నాయి. తండ్రి సాంచా తొక్కినచోట కొడుకు చేతిలో స్కానర్ పట్టుకుని అట్టపెట్టెల మీది గీతలు చదువుతున్నాడు. అతని గురించి కథలు రావడం మొదలైంది. వాటిలో మళ్లీ పాత గీతే కనబడుతోంది. తండ్రి కాలపు సాంచా ఇప్పుడు జ్ఞాపకమయింది, గోదాము కష్టమయింది. చెరువు కట్ట ఉండే చోటికి సాంచా చప్పుడు వచ్చి కూర్చుంది. ఆ గాళా సాత్-బారా ఒకసారి తలాఠీ దగ్గర తీయించి చూసిన కథకుడెవరైనా ఉంటే అతని కథ ముందు చదవాలని ఉంది. గాళాకు ముందు అక్కడ ఏ పంట రాసి ఉందో, ఆ పంట ఏ యేడు ఆగిపోయిందో ఆ కాగితం మీద ఉంటుంది. మోడీ లిపిలో ఉన్న పాత దస్త్రాలైతే చదివి పెట్టేవాళ్లు ఠాణేలో ఇంకా ఉన్నారు.